ఒక కార్బురేటరా, రెండా: షెడ్డులో తెలిసిన సంగతులు

పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో, ఎక్కడో గ్యారేజీలో మూలబడ్డ ఎంజీయో సంపాదించిన కుర్రాళ్లు ఇంజన్ బోరు చేయించి, రంగు కొట్టించి, సీట్లు కుట్టించాక ఒకరోజు నా దగ్గరకొస్తారు. "మేస్త్రీ గారూ, రెండు కార్బురేటర్లు పెట్టిస్తే పికప్ పెరుగుతుందా?" అని అడుగుతారు. ఫోన్లో ఫొటో కూడా చూపిస్తారు. వరసగా వెబర్లు, వాటి నోళ్లకు తళతళలాడే ట్రంపెట్లు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. నా జీవితం సగం మద్రాసులో, సగం బెజవాడ ఆటోనగర్లో గడిచింది. షోలవరంలో పాత రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో అలాంటి బళ్ల బానెట్ల కింద తల పెట్టాను. టాక్సీ అంబాసిడర్ల కార్బురేటర్లు విప్పి కడిగాను. రేసు బండి లెక్క వేరు. రోజూ రోడ్డెక్కే బండి గురించి మాత్రం నేను చెప్పేవి ఇవి.

1. ముందు మీ కాలు సంగతి చూసుకోండి

యాక్సిలరేటర్ నేలకు తొక్కిపెట్టి మీరు బండి నడిపేది ఎంతసేపు? బందరు రోడ్డులో బెంజి సర్కిల్ దాకా వెళ్లి రండి, ఒక్కసారైనా కుదిరితే చెప్పండి. ఏలూరు హైవే ఎక్కినా లారీని దాటే ఆ కాసేపే. మిగతా ప్రయాణమంతా పెడలు పావు వంతు దగ్గరే ఆడుతుంది.

లెక్క కూడా చెబుతాను. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ రెండు చుట్లు తిరిగేసరికి తన సైజంత గాలి పీల్చాలి. 4500 ఆర్‌పీఎం దగ్గర, పెడలు పూర్తిగా తొక్కి ఉంటే, నష్టాలు పోను నిమిషానికి సుమారు 2700 లీటర్లు. అదే బండి టాప్ గేరులో 50 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోతుంటే అందులో నాలుగో వంతు కూడా పీల్చదు. రెండో కార్బురేటర్ అక్కరకొచ్చేది ఆ 2700 దగ్గర. మీరు బతికేది ఈ నాలుగో వంతు దగ్గర.

2. గొంతు పెద్దదైతే బలం పెరగదు

కార్బురేటర్ గొంతులో ఒకచోట నడుము సన్నబడుతుంది. అదే వెంచురీ. గాలి అక్కడ వేగం అందుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది. ఆ పడిపోయిన ఒత్తిడే జెట్టులోంచి పెట్రోలును పైకి లాగుతుంది. అంటే కార్బురేటర్ పని చేసేది గాలి వేగంతో. నడుము వెడల్పు చేసినా, ఇంకో గొంతు తోడు పెట్టినా ఆ వేగం తగ్గుతుంది. నెమ్మదిగా పోయే గాలి పెట్రోలును సరిగా లాగదు. లాగినా తుంపరగా చీల్చదు. పెట్రోలు బొట్లుబొట్లుగా మేనిఫోల్డ్ గోడలకు అంటుకుంటుంది.

డ్రైవింగ్‌లో ఇది ఎలా తెలుస్తుందంటే, సిగ్నల్ పడ్డాక పెడలు తొక్కుతారు, బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తర్వాత ఎగిరి పడుతుంది. "సార్, 4000 దాటాక చూడండి, రాకెట్టే!" అంటాడు ఓనరు. 4000 దాటడానికి బెజవాడలో చోటేదీ?

3. రెండు కార్బురేటర్లంటే రెండింతల పెట్రోలు కాదు

ఈ భయం చాలామందికి ఉంది. ఇంజన్ సైజు అదే, వేగం అదే, కాలు అదే అయితే పీల్చే గాలీ అంతే. ఆ గాలికి తగ్గ పెట్రోలే పోతుంది. మైలేజీ పడిపోయిందంటే ట్యూనింగ్ తప్పయినా అయుండాలి, డ్రైవరు కొత్త మోజులో ఎక్కువ తొక్కుతున్నా అయుండాలి. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ.

4. లెక్కపెట్టాల్సింది కార్బురేటర్లను కాదు, గొంతులను

వెబర్ డీజీవీ అనే కార్బురేటర్ ఉంది. ఒళ్లు ఒకటే, గొంతులు రెండు. ఒకటి 32 మిల్లీమీటర్లు, ఇంకోటి 36. మామూలుగా పోయేటప్పుడు మొదటిదే తెరుచుకుంటుంది. కాలు బాగా దిగాక రెండోది అందుకుంటుంది. రోడ్డు బండికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు దొరకడం కష్టం. చిన్న గొంతుతో ఊళ్లో తిరుగుతారు, అవసరమైతే పెద్ద గొంతూ ఉంటుంది, మధ్యలో రెండు కార్బురేటర్లను జత కలిపే తంటా లేదు.

అదే కంపెనీ డీసీఓఈ కూడా రెండు గొంతులదే, కానీ రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి. నాలుగు సిలిండర్లకు ఆ జాతివి రెండు పెడితే సిలిండరుకో గొంతు. అప్పుడు ఇంకో చిక్కుంది. ఒకే గొంతు నాలుగు సిలిండర్లకు గాలి ఇస్తుంటే, ఒకటి పీల్చడం ఆపేసరికి ఇంకోటి మొదలుపెడుతుంది. గాలి దాదాపు ఆగకుండా నడుస్తుంది. సిలిండరుకో గొంతు పెడితే ఆ గొంతు రెండు చుట్లకు ఒక్కసారి గట్టిగా పీల్చి, మిగతా మూడొంతుల సేపు ఖాళీగా ఉంటుంది. గాలి గుక్కలు గుక్కలుగా వెళుతుంది. పై వేగాల దగ్గర ఏ సిలిండరూ పక్కదాని వాటా తినదు కాబట్టి అది గొప్ప ఏర్పాటే. ఐడ్లింగ్ దగ్గర మాత్రం దానికి స్థిమితం ఉండదు. ఇంజన్ నిలబడి తిరగడానికే మెకానిక్‌కు చెమట పడుతుంది.

5. కొనే ముందు హెడ్డు చూడండి

అంబాసిడర్‌కు నాలుగు కార్బురేటర్లు పెట్టమని అడిగినవాళ్లున్నారు. ఆ హెడ్డుకు ఇన్‌లెట్ రంధ్రాలు రెండే! 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 కు ఒకటి. బీఎంసీ వాళ్ల బీ సిరీస్ ఇంజన్ పుట్టుకే అంత. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి ఒక్కో రంధ్రంలో రెండు సిలిండర్లు వెంటవెంటనే పీలుస్తాయి, తర్వాత ఒక పూర్తి చుట్టు ఖాళీ. ముందు పీల్చినదానికీ వెనక పీల్చినదానికీ దొరికే మిశ్రమం ఒకేలా ఉండదు. నాలుగు కార్బురేటర్లు పెట్టినా, నలభై పెట్టినా ఆ రంధ్రాల దగ్గర తోపులాట తప్పదు. ఆ హెడ్డుకు రంధ్రానికొకటి చొప్పున రెండు పెడితే అర్థముంది. అంతకు మించితే అలంకారమే.

6. 72, 50 ల మధ్య తేడా కార్బురేటర్ ఒక్కదానిది కాదు

"ఎంజీఏ కూ అంబాసిడర్‌కూ ఇంజన్ ఒకటే కదా, దానికి 72 హార్స్‌పవర్, దీనికి 50 దరిదాపుల్లో. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు పెడితే చాలు!" అనే వాదన ప్రతి తరంలోనూ ఒకడు తెస్తాడు. నిజమే, రెండింటిదీ 1489 సీసీయే, రెండూ బీ సిరీసే. 1955 లో వచ్చిన ఎంజీఏకు రెండు ఎస్‌యూలు, మన బండికి ఒకటే కార్బురేటర్. అయితే ఎంజీకి కంప్రెషన్ ఎక్కువ. క్యామ్‌షాఫ్ట్ వేరు, ఎగ్జాస్ట్ వేరు. అదే కంపెనీ ఎంజీ మ్యాగ్నెట్ జెడ్ఏ అనే నాలుగు తలుపుల కారుకు కూడా 1489 సీసీ ఇంజనే, రెండు ఎస్‌యూలే పెట్టింది, వచ్చింది 60. కార్బురేటర్లు రెండున్నా మిగతా సరంజామా మెత్తగా ఉంటే అంతే.

అందుకే నా వరస ఇది: వాల్వ్ సీట్లు, కంప్రెషన్, ఎగ్జాస్ట్, క్యామ్. ఇవన్నీ అయ్యాక ఇంజన్ ఇంకా గాలి అడుగుతుంటే అప్పుడు కార్బురేటర్. కుర్రాళ్లు వెనకనుంచి మొదలుపెడతారు, ఎందుకంటే కార్బురేటర్ బానెట్ ఎత్తగానే కనబడుతుంది, క్యామ్ కనబడదు.

7. గాలి చాలుతోందో లేదో గేజ్ చెబుతుంది

మేనిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజ్ తగిలించండి, సన్న గొట్టంతో లోపలికి తెచ్చి పక్క సీట్లో ఉన్నవాడి చేతికివ్వండి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పెడలు పూర్తిగా తొక్కి ఇంజన్‌ను పై వేగం దాకా లాగండి. పూర్తిగా తెరిచిన కార్బురేటర్ అడ్డు కాకపోతే ముల్లు దాదాపు సున్నాకు పడిపోవాలి. ఒక అంగుళం లోపు చూపిస్తే మీ ఒంటరి కార్బురేటర్ ఇంజన్ అడిగినంతా ఇస్తోంది. రెండోది కొనడం డబ్బు తగలెయ్యడమే. రెండు అంగుళాలు దాటి నిలబడితే గొంతు చిన్నదన్నమాట. అప్పుడు కూడా ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి ఇంకోసారి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

పెడలు పూర్తిగా తొక్కినప్పుడు థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా అన్నది కూడా చూసుకోండి. కేబుల్ సాగి, ముప్పావు దగ్గరే ఆగిపోయే బళ్లెన్నో. పది నిమిషాల పనితో "కొత్త ఇంజన్" వచ్చిందని మురిసిపోయిన ఓనర్లున్నారు.

8. ఎస్‌యూ జాతే వేరు

ఇంగ్లండులో స్కినర్ సోదరుల సృష్టి ఇది. ఎస్‌యూ అంటే స్కినర్స్ యూనియన్. వాళ్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం, తొలి రోజుల్లో కార్బురేటర్‌లో పిస్టన్ బదులు తోలు తిత్తి వాడారు. ఇంట్లో ఉన్న సరుకు మరి!

దీని నడుము స్థిరంగా ఉండదు. గాలి ఎంత కావాలో అంత మేరకే పిస్టన్ పైకి లేస్తుంది, దానికి తగిలించిన సూది జెట్టులో అంతే లేచి పెట్రోలు వదులుతుంది. తక్కువ గాలికి చిన్న నడుము, ఎక్కువ గాలికి పెద్ద నడుము. అందుకే కాస్త పెద్ద సైజు ఎస్‌యూ పెట్టినా, రెండు పెట్టినా, కింది వేగాల దగ్గర గాలి నీరసించదు. రెండో పాఠంలో చెప్పిన జబ్బు దీనికి చాలా తక్కువ. రోడ్డు బండికి రెండు పెట్టాల్సిందే అని పట్టుబడితే ఈ జాతివే పెట్టుకోండి.

పైన డ్యాష్‌పాట్‌లో నూనె పొయ్యడం మాత్రం మరవద్దు. యాక్సిలరేటర్ పంపు లేని కార్బురేటర్ ఇది. పెడలు తొక్కగానే పిస్టన్ ఎగిరి లేవకుండా ఆ నూనె పట్టి ఉంచుతుంది, ఆ క్షణానికి మిశ్రమం చిక్కబడుతుంది, బండి లాగుతుంది. నూనె ఎండిపోతే పికప్ చస్తుంది. మూత విప్పి నూనె పొయ్యడానికి ఒక నిమిషం, ఆ సంగతి తెలియక జెట్లు మార్చడానికి వారం.

9. జత కుదర్చడం పది నిమిషాల పని కాదు

ముందు టాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్. ఇవి సరిచెయ్యకుండా రెండు కార్బురేటర్ల స్క్రూ ముట్టుకునేవాడిని నా షెడ్డులో ఉండనివ్వను. తర్వాత ఇంజన్‌ను బాగా వేడెక్కనివ్వాలి. రెండింటి స్పిండిళ్లను కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేసి, ఐడ్లింగ్ స్క్రూలు రెండూ వెనక్కి తిప్పి, మళ్లీ రెండింటినీ సమానంగా బిగించాలి.

ఇప్పుడు ఎయిర్ క్లీనర్లు తీసేసి మూరెడు రబ్బరు గొట్టం తీసుకోండి. ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ నోట్లో. రెండింట్లోనూ ఒకే చోట, ఒకే లోతులో పట్టాలి, లేదంటే చెవి మోసపోతుంది. గాలి పోయే సుయ్‌మనే చప్పుడు రెండింట్లో ఒకే స్థాయిలో వినబడేదాకా స్క్రూలు ఆడించాలి. దీనికిప్పుడు ముల్లుతో గాలి ప్రవాహం చూపించే మీటర్లొచ్చాయి, చెవి పోయిన నాలాంటివాడికి అవే గతి.

గాలి కుదిరాక మిశ్రమం. ఎస్‌యూ అడుగున జెట్టు నట్టుకు ఆరు పలకలు. ఒక్కో పలక చొప్పునే తిప్పాలి. పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు లేపండి. ఇంజన్ వేగం పెరిగి అక్కడే నిలబడిందా, రిచ్‌గా ఉంది. పడిపోయి ఆగబోయిందా, లీన్. కొంచెం పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉంది. ఒక కార్బురేటర్ మిశ్రమం మారిస్తే రెండోదాని మీద ప్రభావం పడుతుంది కాబట్టి మళ్లీ మొదటికొచ్చి చూడాలి, మళ్లీ గొట్టం చెవిలో పెట్టాలి.

అసలు పరీక్ష ఇంకా ఉంది. క్లాంపులు బిగించేటప్పుడు రెండు థ్రాటిళ్లూ ఒకే క్షణంలో కదలాలి. ఐడ్లింగ్‌లో ముద్దుగా ఉండి, కాలు పెట్టగానే ఒకటి ముందు, ఒకటి వెనక తెరుచుకునే బండి రోడ్డు మీద వణుకుతుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టించి ఇంకోసారి వినండి. చాలామంది ఈ అడుగు ఎగ్గొడతారు.

10. కార్బురేటర్ జబ్బుల్లో సగం పాయింట్ల జబ్బులే

"ట్విన్ కార్బ్ బండికి వారం వారం ట్యూనింగ్" అనే మాట అబద్ధం. ఒకసారి కుదిర్చిన జత నెలల తరబడి కదలదు. కదిలేవి డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు. మిస్సింగ్ మొదలవుతుంది, ఎవరో స్క్రూడ్రైవర్ తీసుకుని కనబడ్డ స్క్రూ తిప్పుతాడు, మిస్సింగ్ పోదు, జతా చెడుతుంది. రెండో దొంగ అరిగిపోయిన థ్రాటిల్ స్పిండిల్. ఇరుసు పక్కనుంచి గాలి లాగుతుంటే ఐడ్లింగ్ పైకీ కిందకీ ఊగుతుంది, ఎంత ట్యూనింగ్ చేసినా నిలవదు. స్పిండిల్ పట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూడండి. లొటలొటలాడితే బుష్ వేయించాకే మిగతా మాట.

11. ఎండ, దుమ్ము, పెట్రోలు

మే నెలలో పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పడం అంబాసిడర్ డ్రైవర్లందరికీ తెలిసిన విద్యే. బీ సిరీస్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ ఒకే వైపు ఉంటాయి. అంటే కార్బురేటర్లు కూర్చునేది పొయ్యి పైన. ఒకటి ఉంటే ఒక ఫ్లోట్ చాంబర్ వేడెక్కుతుంది, రెండుంటే రెండు. ఇంగ్లండు చలిలోనే ఎంజీబీకి మధ్యలో వేడి ఆపే రేకు పెట్టారు, మనం దాన్ని బరువని తీసేస్తాం! ఫ్లోట్ నీడిల్ ఇరుక్కుని పెట్రోలు పొర్లితే నేరుగా ఎగ్జాస్ట్ మీద పడుతుంది. పొర్లుడు గొట్టాలు కిందిదాకా దించి ఉంచండి. ఇందులో వేళాకోళం లేదు.

ట్రంపెట్లకు జాలీ ముక్క చుట్టి తిరిగేవాళ్లకు ఒకటే మాట. గుంటూరు జిన్నింగ్ మిల్లుల దారిలో ఒక సీజన్ తిప్పండి, తర్వాత కొత్త పిస్టన్ రింగులకు డబ్బు సిద్ధం చేసుకోండి.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, కాబట్టి పాత జెట్ల మీద మిశ్రమం లీన్ అవుతుంది. ఇంజెక్షన్ బండి తనంతట తాను సర్దుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, మీరే సర్దాలి. పాత రబ్బరును ఇథనాల్ తింటుంది, తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేసి పెట్టండి. రెండుంటే ఈ చాకిరీ కూడా రెండింతలు.

12. అమెరికా వాళ్లూ చివరికి ఒకటికే వచ్చారు

1964 లో పోంటియాక్ జీటీఓకు 389 ఘనపుటంగుళాల ఇంజన్ మీద మూడు కార్బురేటర్ల వరస పెట్టి ట్రైపవర్ అన్నారు. మామూలుగా నడిచేది మధ్యదొక్కటే, కాలు బాగా దిగితేనే అటూ ఇటూ ఉన్నవి తెరుచుకుంటాయి. 1966 లో దాని లెక్క 360 హార్స్‌పవర్. జనరల్ మోటార్స్ పెద్దలు ఆపమన్నాక 1967 లో దాని స్థానంలో ఒకే ఒక్క రోచెస్టర్ క్వాడ్రాజెట్ వచ్చింది. ముందు రెండు గొంతులు చిన్నవి, వెనక రెండు బాగా పెద్దవి. ఇంజన్‌ను కాస్త పెంచి 400 చేశారు, హెచ్‌ఓ రకంలో మళ్లీ అదే 360. మూడు చేసిన పని ఒకటి చేసింది, జత కుదర్చే బాధ పోయింది.

13. పుట్టుకతో రెండున్నదానికి రెండే ఉండనివ్వండి

ఎంజీఏ, ఎంజీబీ, 1961 నాటి మినీ కూపర్, ట్రయంఫ్ హెరాల్డ్ కూపే. ఇవి రెండు కార్బురేటర్ల మీద పుట్టినవి. మేనిఫోల్డ్, సూది, క్యామ్ అన్నీ వాటికి తగ్గట్టు కూర్చినవి. ట్యూనింగ్ చేసేవాడు దొరకలేదని వాటిని పీకేసి ఒంటి వెబర్ పెట్టడం నాకు నచ్చదు. పొగ నిబంధనల కోసం 1975 మోడల్ నుంచి అమెరికాకు పంపిన ఎంజీబీలకు కంపెనీయే ఒక్క స్ట్రాంబర్గ్ పెట్టింది. ఆ బళ్ల ఓనర్లు ఈనాటికీ పాత జతల కోసం వెతుక్కుంటున్నారు.

అదే మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు ఒకటే సోలెక్స్. ఒకటే ఉంచండి. పద్మినీకి కూడా అంతే. అరిగిన స్పిండిల్‌కు బుష్, కొత్త గ్యాస్కెట్లు, సరైన జెట్టు. దాని 1089 సీసీకి అంతకంటే అక్కర్లేదు.

14. విప్పిన సామాను పారెయ్యొద్దు

నేను ఇంత చెప్పాక కూడా రెండు పెట్టించుకునేవాళ్లు పెట్టించుకుంటారు. సరదా మీది, డబ్బు మీది. పాత మేనిఫోల్డ్, కార్బురేటర్, ఎయిర్ క్లీనర్, థ్రాటిల్ కడ్డీ, చివరికి ఆ స్టడ్‌లూ నట్లూ కూడా నూనె రాసి, సంచిలో కట్టి, పేరు రాసి దాచండి. 2021 లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాల నంబరు రావాలంటే అది అసలు రూపంలో ఉండాలి, చాసీ, బాడీ, ఇంజన్‌లో మార్పులు చేసి ఉండకూడదు. దరఖాస్తు పెట్టే రోజు బానెట్ ఎత్తి చూస్తారు. మేనిఫోల్డ్ గ్యాస్కెట్ ఒక సెట్టు అదనంగా కొని అదే సంచిలో పడెయ్యండి, ఆ రోజు పరుగెత్తక్కర్లేదు.